మా కాలేజీ కుస్తీ టీమ్‌కి ఎవరిని కోచ్‌గా తీసుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి

విజయనగరంలో మా కాలేజీ కుస్తీ టీమ్‌కి హెడ్ కోచ్‌గా ఉన్న సారు రిటైరయ్యారు, కొత్తాయన్ని ఎంచుకునే కమిటీలో పాత విద్యార్థుల తరఫున నన్ను వేశారు. ఇద్దరు మిగిలారు. ఒకాయన పటియాలాలో కోచ్‌లకి శిక్షణ ఇచ్చే జాతీయ క్రీడా సంస్థ ఎన్‌ఐఎస్‌లో డిప్లొమా చేశారు, ఫ్రీస్టైల్, గ్రీకో రోమన్ అనే రెండు కుస్తీ పద్ధతులూ నేర్పగలరు, కానీ తెలుగు రాదు. రెండో ఆయన మన వైపు మట్టి గోదాలో పెరిగిన మనిషి, ఆయన మాటంటే పిల్లలకి వేదం, అయితే పోటీలు జరిగేది మ్యాట్ మీద, మూడేసి నిమిషాల రెండు రౌండ్లు, మధ్యలో 30 సెకన్లే విరామం, ఆ వేగానికి ఈయన తర్ఫీదు సరిపోతుందా?

నా అసలు టెన్షన్ వేరే. పోటీకి ముందు బరువు చూసే తూకంలో తగ్గి కనిపించాలని పిల్లలు నీళ్లు మానేసి, స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని ఎండలో పరిగెడుతుంటారు, పెదాలు పగిలి మాట కూడా సరిగా రాదు. 1997లో అమెరికాలో ఇలాగే బరువు తగ్గబోయి ముగ్గురు కాలేజీ మల్లులు చనిపోయారు. దీన్ని ఆపే కోచే నాకు కావాలి, డిప్లొమా తర్వాత సంగతి. కోడి రామ్మూర్తి గారి జిల్లాల్లో కుస్తీ బతకాలంటే ముందు పిల్లలు బాగుండాలి కదా.

ఇంటర్వ్యూలో ఏం అడిగితే ఈ విషయం బయటపడుతుంది? ఒకరోజు ఇద్దరి చేతా ప్రాక్టీస్ చేయించి చూడమని కమిటీని అడగొచ్చా? అమ్మాయిల టీమ్ కూడా ఉంది, దాని గురించీ చెప్పండి.