జావాస్క్రిప్ట్‌లో దశాంశాల కూడిక: రెండు స్థానాలకు సరిగ్గా ఎలా కుదించాలి?

కొత్తగా నేర్చుకునేవారి కోసం రెండు పెట్టెలు, ఒక బటన్ ఉన్న కూడిక పేజీ ఇది. ఇన్‌పుట్ విలువ స్ట్రింగ్ (అంటే అక్షరాల వరుస) కాబట్టి 5, 7 కలిపితే 57 వస్తుంది. నంబర్‌గా మారిస్తే 12. అక్కడివరకు బాగానే ఉంది. చిక్కంతా దశాంశాలతోనే. 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వస్తోంది. కంప్యూటర్ వాడే 0, 1 అంకెల బైనరీలో 0.1 కచ్చితంగా ఇమడదు, కారణం అదే. దశాంశ స్థానాలను కుదించే టూఫిక్స్‌డ్ (toFixed) వాడితే 0.30 అని కనిపిస్తుంది గానీ అది మళ్లీ స్ట్రింగే. దానికి 1 కలిపితే 0.301 అయిపోతుంది. వందతో గుణించి, మ్యాథ్ రౌండ్‌తో (Math.round) దగ్గరి పూర్ణాంకానికి మార్చి, వందతో భాగిస్తే 1.005కి 1.01 బదులు 1 వస్తోంది.

మొదటినుంచీ వంద రెట్ల పూర్ణాంకాలుగానే దాచుకుని, చూపించేటప్పుడు మాత్రం భాగించడం మేలంటారా? అలాగైతే మూడో దశాంశ స్థానం టైపు చేస్తే ఎక్కడ ఆపాలి? ఇన్‌పుట్ పెట్టెకు స్టెప్ (step, విలువల మధ్య అనుమతించే అంతరం) 0.01 పెట్టినా, ఫారమ్ సబ్మిట్ కాని మామూలు బటన్ క్లిక్‌కి ఆ తనిఖీ దానంతటదే జరగదు కదా. మీరైతే ఏం చేస్తారో కోడ్‌తో చూపించగలరా?