మటౌరా నదిలో బ్రౌన్ ట్రౌట్: గుణుపురం తమ్ముడికి జవాబులు

పర్లాకిమిడి అన్న:
తమ్ముడూ, న్యూజీలాండ్‌లోని మటౌరా నదిలో బ్రౌన్ ట్రౌట్ చేపను ఫ్లైతో, అంటే పురుగులా కనబడేలా కట్టిన కొక్కెంతో, ఎలా పట్టాలని అడిగావు. మన వంశధారలో గాలానికి ఎర గుచ్చి, బెండు మునిగేదాకా గట్టున కూర్చుంటాం. ఇక్కడ ఆ పద్ధతి మరిచిపో. బ్రౌన్ ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి ఒకేచోట నిలబడుతుంది, నీరు మోసుకొచ్చే పురుగులను తింటుంది. ముందు ఆ చోటు కనిపెట్టాలి: జోరు నీరూ నిదానపు నీరూ ఒరుసుకునే గీత, పెద్ద బండ ముందూ వెనకా, కోసుకుపోయిన గట్టు కింది నీడ. అక్కడ ఈదే శ్రమ తక్కువ, తిండి పక్కనుంచే పోతుంది. నీటి మీది మెరుపు తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు తప్పనిసరి. చేప కనబడే వరకు లైను (గాలపు తాడు) విసరకు.

దానికి సరిగ్గా వెనకవైపు కనబడదు. అందుకే దిగువ నుంచి ఎగువకు, వంగి నడు. కాలికింద రాళ్లు కదిలితే ఆ అదురు దానికి అందుతుంది. బెదిరిందా, దాన్ని వదిలేసి ముందుకు సాగు.

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది లైను దగ్గర. మధ్యలో జోరు నీరు లైనును లాగితే ఫ్లై ఈడ్చుకుపోతుంది. నిజం పురుగు నీటి వేగంతోనే వస్తుంది కనుక ట్రౌట్ దాన్ని ముట్టదు. లీడర్ (లైను చివర కట్టే సన్నని దారం) 9 నుంచి 12 అడుగులు, టిప్పెట్ (ఫ్లై కట్టే దాని కొస దారం) 5ఎక్స్ మందం పెట్టు. ఫ్లై చేపకు 3, 4 అడుగుల ఎగువన పడాలి, లైను దాని మీదుగా పడకూడదు. పడగానే రాడ్ (గాలపు కర్ర) కొసతో లైనును ఎగువకు మళ్లించు.

రాయగడ అక్క:
నాన్నా, నీటి థర్మామీటరు కొనుక్కో. 12 నుంచి 18 డిగ్రీల మధ్య ట్రౌట్ బాగా మేస్తుంది. 20 దాటితే నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, పట్టి వదిలినా బతకడం కష్టం. ఆ రోజు దాని జోలికి వెళ్లకు. జనవరి, ఫిబ్రవరి ఇక్కడ ఎండాకాలమని గుర్తుంచుకో.

ఫిష్ అండ్ గేమ్ (ఇక్కడ చేపల వేటను చూసే సంస్థ) లైసెన్సు లేకుండా నదిలో దిగొద్దు. ఫెల్ట్ అడుగున్న బూట్లు నిషేధం, డిడిమో అనే పాచి వాటికి అంటుకుని వేరే నదులకు పాకుతుంది. పట్టిన ట్రౌట్‌ను అమ్మడం కూడా నేరమే, మన ఊరి సంత అలవాటు ఇక్కడ పనికిరాదు.

సిరొంచ బాబాయి:
నీటిపైన మూతి కనబడితే తేలే ఫ్లై కట్టు. వీపూ తోకా మాత్రమే కదిలితే అది నీటి పొర కిందే తింటోంది. నీటిపైన ఏ కదలికా కనబడకపోతే 16 నంబరు నింఫ్ (నీటిలో మునిగే, పురుగు పిల్లలాంటి ఫ్లై) కట్టు. తేలే ఫ్లైని మింగినప్పుడు వెంటనే లాగకు. మూతి మూసి కిందికి తిరిగాక రాడ్ ఎత్తు. తొందరపడితే తెరిచిన నోట్లోంచి కొక్కెం ఊడి వస్తుంది.