అమెరికా ఫోన్ నిఘాకు చెల్లించిన మూల్యం సమంజసమేనా?

ప్రశ్న:
2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాలతో, అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఆ దేశ పౌరుల ఫోన్ కాల్ వివరాలను గంపగుత్తగా సేకరిస్తున్న సంగతి వెల్లడైంది. భద్రత పేరిట అందుకు చెల్లించిన మూల్యం సమంజసమేనా?

మొదటి సమాధానం:
సమంజసమేనని నా అభిప్రాయం. జరగకుండా ఆగిన దాడికి ఎవరూ లెక్క కట్టలేరు. ఒక్క దాడిని ఆపగలిగినా, నిలిచిన ప్రాణాల ముందు దానికైన ఖర్చు ఏపాటిది? పైగా సేకరించింది ఎవరు ఎవరికి, ఎంతసేపు ఫోన్ చేశారన్న వివరమే గాని, వారి మాటలను కాదు.

రెండవ సమాధానం:
ప్రాణాల విలువ గురించి మీరన్నదానితో నాకు పేచీ లేదు. అయితే ఈ విషయంలో లెక్క కట్టినవారున్నారు. పౌరుల గోప్యతను, హక్కులను పర్యవేక్షించేందుకు ఏర్పడిన, రహస్య పత్రాలను సైతం చూడగల అమెరికా ప్రభుత్వ మండలి 2014 జనవరిలో ఇచ్చిన నివేదికలో, అమెరికాకు ఎదురైన ముప్పుపై జరిగిన ఉగ్రవాద దర్యాప్తుల్లో ఏ ఒక్కదాని ఫలితాన్నైనా ఈ సేకరణ మార్చినట్లు తమకు కనబడలేదని స్పష్టంగా రాసింది. అధికారులు ప్రముఖంగా చూపిన ఉదాహరణ శాన్ డియాగోలోని ఒక టాక్సీ డ్రైవర్‌ది. అతను మరికొందరితో కలిసి సోమాలియాలోని ఉగ్రవాద సంస్థ అల్-షబాబ్‌కు సుమారు 8,500 డాలర్లు పంపాడన్నది అభియోగం. 2020లో అప్పీళ్ల కోర్టు అతని నేరనిర్ధారణను నిలబెడుతూనే, ఆ సేకరణ చట్టవిరుద్ధమని తేల్చింది. 2015లో చట్టం ద్వారా కుదించిన తరువాత కూడా, 2019 వరకు ఈ కార్యక్రమానికి 10 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. అది చెప్పుకోదగిన దర్యాప్తుకు దారితీసింది ఒక్కసారే.

ఖజానా పద్దుల్లోకి ఎక్కని నష్టం ఇంకా పెద్దదని నేననుకుంటాను. స్నోడెన్ పత్రాలు అమెరికా ఇతర నిఘాలను కూడా బయటపెట్టాయి. తన సంభాషణలపై నిఘా ఉంచారని వాటి ద్వారా వెల్లడైన తరువాత అప్పటి బ్రెజిల్ అధ్యక్షురాలు దిల్మా రూసెఫ్ వాషింగ్టన్ అధికారిక పర్యటనను వాయిదా వేశారు. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం అమెరికా నిఘానే కారణంగా చూపి, వ్యక్తిగత సమాచారాన్ని ఆ దేశానికి పంపుకొనే ఏర్పాట్లలో ఒకదాన్ని 2015లో, మరొకదాన్ని 2020లో కొట్టివేసింది. ఏ తప్పూ చేయని వేలాది కంపెనీలు న్యాయవాదులకు, కొత్త ఒప్పందాలకు డబ్బు పోయవలసి వచ్చింది. ఆ రెండో తీర్పు ప్రభావం హైదరాబాద్ దాకా వచ్చింది: యూరప్ ఖాతాదారుల సమాచారాన్ని ఇక్కడి కార్యాలయానికి పంపే ముందు, దానిపై భారత ప్రభుత్వానికి ఎంత అధికారం ఉందో పంపేవారు పరిశీలించవలసి ఉంటుంది. ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే వీలున్న మన 2023 డేటా రక్షణ చట్టం ఆ పరిశీలనలో మనకు సాయపడదు.

ఇక, మాటలు వినలేదు కదా అన్నారు. ఒక ప్రభుత్వ ఉద్యోగి తన శాఖలోని అవినీతి గురించి చెప్పడానికి ఒక విలేకరికి రాత్రిపూట 20 నిమిషాలు ఫోన్ చేశాడనుకోండి. ఆ రెండు నంబర్లు, ఆ సమయం తెలిస్తే చాలు, అతనెవరో పట్టుకోవడానికి మాటలు వినవలసిన పనే లేదు. ఆ భయంతో అతను ఫోన్ చేయడం మానేసిన రోజున, ఆ అవినీతి ఎన్నికలకు ముందు ఓటరుకు తెలిసే దారి ఒకటి మూసుకుపోతుంది.