చిత్తూరులో పాత ఆర్ట్ డెకో ఇల్లు: మొజాయిక్ పాలిష్ చేసేవాళ్లు ఎవరైనా తెలుసా?

అందరికీ నమస్కారం. చిత్తూరులో మా తాతగారు కట్టించిన ఇల్లు బాగుచేయించాలి. గుండ్రంగా తిరిగిన బాల్కనీ, మెట్లు మెట్లుగా లేచే పిట్టగోడ, గేటు గ్రిల్లులో ఉదయించే సూర్యుడు. ముంబై మెరైన్ డ్రైవ్ భవనాల ఫోటోలు చూశాకే ఇది ఆర్ట్ డెకో అనే పాతకాలపు కట్టడ శైలి అని తెలిసింది, అక్కడి వాటికి 2018లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది, మన దగ్గర మాత్రం ఇలాంటివి ఒక్కొక్కటే పడగొట్టేస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

మేస్త్రి ఏమో పిట్టగోడ చెక్కేసి ముందంతా ఏసీపీ షీట్లు (అల్యూమినియం పూత పలకలు) కొడదాం, లోపల మొజాయిక్ గచ్చు మీద టైల్స్ వేసేద్దాం అంటున్నాడు. నేను ససేమిరా అన్నాను. ఆ గచ్చుకి చుట్టూ నల్ల అంచు, మధ్యలో ఎర్రవి, ఆకుపచ్చవి రాతి ముక్కలు, వాటి మధ్య సన్నటి ఇత్తడి పట్టీలు. గుమ్మం దగ్గర మాసింది, అక్కడక్కడా సన్నగా బీటలు వారింది, అంతే.

తిరుపతి, చిత్తూరు వైపు పాత మొజాయిక్‌ని మిషన్‌తో గ్రైండింగ్ చేసి పాలిష్ పట్టేవాళ్లు ఉన్నారా? అడుక్కి ఎంత తీసుకుంటారు? బీటల్లో అదే రంగు కలిసేలా పూడ్చడం కుదురుతుందా? ఇంకొకటి, మాడ్యులర్ కిచెన్ ఎలాగూ తప్పదు, ఈ గచ్చుకి నప్పే రంగులేవో చేయించుకున్నవాళ్లు ఫోటోలతో చెప్తారా, ప్లీజ్?