అప్‌డేట్: పోచంపల్లి వైపు పొలాల నడక, దారి తేలింది

భూదాన్ పోచంపల్లి దిక్కున రెండు ఊళ్ల మధ్య వరి పొలాల్లోంచి నడిచిపోవచ్చా, ఫోన్ మ్యాపులో గీత కాలువ దగ్గర ఎందుకు ఆగిపోతోంది అని అడిగాను కదా. తేలింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చింది గ్రామ నక్షా (రెవెన్యూ వాళ్ల ఊరి పటం) చూడమన్న సలహా. అందులో బండ్లబాటను జంట తెగిన గీతలతో, కాలిబాటను ఒంటి తెగిన గీతతో చూపిస్తారు. బాట కాలువను తూము దగ్గర కాదు, కాస్త పైనున్న కల్వర్టు మీద దాటుతుంది. దాన్ని చెట్లు కమ్మేయడంతో ఉపగ్రహ చిత్రంలో కనబడదు. మిగతాదంతా ట్రాక్టర్లు తిరిగే చదును మట్టిబాటే.

ఒడ్ల (మడుల మధ్య గట్ల) మీంచి అడ్డంగా పొమ్మన్న సలహా మాత్రం పాటించకండి. నాట్లప్పుడు ఒడ్డు మెత్తగా ఉంటుంది, తొక్కితే గండి పడి మడిలో నీళ్లన్నీ పోతాయి. రైతు ఊరుకుంటాడా మరి! చీకటి పడ్డాక అసలే వద్దు. అడవిపందుల కోసం కొందరు కరెంటు తీగలు పెడతారు.

ట్రెక్కింగ్ బూట్లు, కర్రలు అనవసరం. వాన పడిన మర్నాడు మాత్రం బంకమట్టి చెప్పులకు పట్టుకుని వదలదు, ఒకట్రెండు రోజులు ఆగండి. యాసంగి కోతలయ్యాక బాట గట్టిగా ఉంటుంది గానీ నీడ ఉండదు, పొద్దున 9 లోపు ముగించాలి. గంటకు 4 కి.మీ. లెక్క వేసుకోండి.