అప్‌డేట్: సరిగ్గా 15 కారణాంకాలున్న అతి చిన్న సంఖ్య (జవాబు 144)

మాక్ టెస్టులో వచ్చిన ఈ లెక్క గురించే నేను అడిగింది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

సంఖ్యను ప్రధాన సంఖ్యల ఘాతాల లబ్ధంగా రాసి, ఆ ఘాతాంకాలకు ఒకటి చొప్పున కలిపి గుణిస్తే కారణాంకాల సంఖ్య వస్తుందన్న సలహా పనిచేసింది. 15 అంటే 15 లేదా 5×3. మొదటి దారిలో 2^14, అంటే 16384. రెండో దారిలో ఘాతాంకాలు 4, 2. పెద్ద ఘాతం చిన్న ప్రధాన సంఖ్యకే ఇవ్వాలి: 2^4×3^2 = 144. తిప్పి వేస్తే 2^2×3^4 = 324 వస్తుంది. ఆప్షన్లలో అదీ ఉంది, కావాలనే పెట్టుంటారు!

ఒక సంఖ్యకున్న కారణాంకాల లెక్క బేసి అయితే ఆ సంఖ్య పరిపూర్ణ వర్గమేనన్న మాటతో మిగతా రెండు ఆప్షన్లు, 120, 180, చూడగానే పోయాయి. టైమ్ లేనప్పుడు నాకైతే ఇదే ఎక్కువ నచ్చింది. క.సా.గు., భాజనీయతా సూత్రాలు దీనికి అక్కర్లేదు.