డెడ్‌లిఫ్ట్‌లో నడుము వంగిపోతోంది, వీడియో చూసినా తప్పు తెలియడం లేదు

సందేహి:
నమస్కారం. నేను బరువులెత్తడానికి కొత్త. డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును వంగి పట్టుకుని, నిటారుగా నిలబడుతూ ఎత్తడం) చేసేటప్పుడు నడుము కింది భాగం గుండ్రంగా వంగుతున్నట్లు అనిపించి, సాయంత్రం నుంచి వీడియోలు తీసుకుని చూసుకుంటున్నాను. ఛాతీ ఎత్తి పెట్టమన్నారు, ఎత్తాను. తుంటి దించమన్నారు, దించాను. అయినా నడుము కుదురుగా నిలవడం లేదు. బరువు ఎక్కువేమీ కాదు. విసుగు వచ్చేసింది. తప్పు ఎక్కడుందో దయచేసి ఎవరైనా చెప్పండి.

పాతకాపు:
ముందు మీ బూట్ల సంగతి చెప్పండి. పరుగు కోసం చేసిన బూట్ల అడుగు మెత్తగా ఉంటుంది కాబట్టి, బరువు పడగానే అణిగిపోయి, పాదానికి నేల మీద పట్టు లేకుండా చేస్తుంది. కాలు కదిలితే మోకాలు, మోకాలు కదిలితే తుంటి కదులుతాయి. అడుగు పలచగా, గట్టిగా ఉన్న బూట్లు వేసుకోండి, లేదా అనుమతి ఉన్నచోట వట్టి కాళ్లతో చేయండి. కొత్తవారు అందరికంటే ఆలస్యంగా పట్టించుకునే విషయం ఇదే.

నిలకడ:
వీడియో ఏ వైపు నుంచి తీశారు? బార్ (ఇనుప కడ్డీ) చివర్లకు వేసిన ప్లేట్లు (గుండ్రటి బరువులు) ఏ సైజువి?

సందేహి:
ఫోన్‌ను నేల మీద పెట్టి ఎదురుగా తీశాను. బార్ 20 కిలోలది, రెండు వైపులా 5 కిలోల చిన్న ప్లేట్లు వేశాను. నిలబడి బార్‌ను నేల దాకా దించి, ఆగకుండా మళ్లీ పైకి తెస్తున్నాను.

మెట్టు:
పైనుంచి మొదలుపెట్టేది రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ అవుతుంది. మీరు ఒకటి చేస్తూ మరొకదాని సలహాలు పాటిస్తున్నారు.

పాతకాపు:
అలా తేల్చేయడం సరికాదు. రొమేనియన్‌లో మోకాళ్లను కొద్దిగా మాత్రమే వంచి, తుంటిని వెనక్కి నెట్టగలిగినంత వరకే బార్‌ను దించుతారు; నేలను తాకించాలనే నియమం లేదు. ఈయన నేల దాకా వెళుతున్నారు.

మెట్టు:
నేల మీద ఆపి, ప్రతి రెప్‌నూ (ఒక్కోసారి ఎత్తడాన్నీ) కొత్తగా మొదలుపెట్టకపోతే మామూలు డెడ్‌లిఫ్ట్ అని కూడా అనలేం కదా.

నిలకడ:
పేరు ఏదైనా, అసలు చిక్కు ప్లేట్లలో ఉంది. పోటీల్లో వాడే పెద్ద ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు. అవి వేస్తే బార్ నేలకు సుమారు 22.5 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. చిన్న ప్లేట్లతో అది చాలా కిందికి దిగిపోతుంది కాబట్టి, తుంటి వంగగలిగినంత వంగాక మిగిలిన దూరాన్ని నడుము గుండ్రమై పూడ్చుకుంటుంది. ప్లేట్ల కింద గట్టి చెక్క దిమ్మలు పెట్టి బార్‌ను ఆ ఎత్తుకు తీసుకురండి. బార్ పాదం పొడవులో సగం మీదుగా, మోకాలి కింది ఎముకకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఎత్తే ముందు ఊపిరి పీల్చి పొట్టను బిగించి, చేతులు తాడులా బిగుసుకునే వరకు బార్‌ను లాగి, అప్పుడు కాళ్లతో నేలను నెట్టండి.

ఎదురుగా తీసిన వీడియోలో బార్ ఒక పక్కకు ఒరుగుతోందా అన్నది కనిపిస్తుంది గానీ, వెన్ను కనిపించదు. ఫోన్‌ను తుంటి ఎత్తులో, సరిగ్గా పక్క నుంచి, మనిషీ బార్ పూర్తిగా పట్టేంత దూరంలో పెట్టండి. ప్లేట్లు నేలను వదిలే క్షణం దగ్గర వీడియోను ఆపి, అంతకు ముందు క్షణంతో పోల్చండి. బార్ కదలక ముందే తుంటి పైకి లేచిందంటే కాళ్ల పనిని నడుము చేస్తోందన్నమాట. మెడ తిప్పి అద్దంలో చూసుకుంటూ మాత్రం చేయవద్దు. నడుము నొప్పి కాలిలోకి పాకితే ఆపేసి వైద్యునికి చూపించండి.

పాతకాపు:
నేను చెప్పిన బూట్ల విషయం కూడా ఇందులో కలపండి.

మెట్టు:
దిమ్మల మీద నుంచి ఎత్తేదానికి వేరే పేరుంది.

నిలకడ:
దిమ్మలతో మామూలు ఎత్తుకే తెస్తున్నాం. అంతకంటే పైకి పెడితే అప్పుడు వేరే పేరు.

సందేహి:
దిమ్మలు పెట్టి, ప్రతి రెప్‌కూ ఆగి చేశాను. పక్క నుంచి చూస్తే నడుము చాలావరకు నిలిచింది, తుంటి మాత్రం ఇంకా ముందే లేస్తోంది. ధన్యవాదాలు.